మూడేళ్ల పాపకు పదేపదే పిల్లికూతలు: వయసుతో పాటు తగ్గుతాయా, ఉబ్బసంగా నిలిచిపోతుందా?

పాప అమ్మ:
మా పాపకు మూడేళ్లు నిండాయి. గత ఏడాదిలో ఐదుసార్లు ఆయాసం వచ్చింది. ప్రతిసారీ మొదట రెండు రోజులు ముక్కు కారుతుంది, తర్వాత రాత్రి పడుకోబెట్టగానే దగ్గు మొదలై, తెల్లవారేసరికి ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి. ఈమధ్య జలుబు లేకపోయినా, పరుపు మీద గెంతుతూ గట్టిగా నవ్వినప్పుడు అదే కూత వస్తోంది. ఐదో నెలలో బుగ్గల మీద మొదలైన ఎగ్జిమా (దురదతో చర్మం ఎర్రబడి పొడిబారే జబ్బు) ఇప్పుడు మోకాళ్ల వెనుక మడతల్లో మిగిలింది. మావారికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని మా అత్తగారు చెబుతారు. డాక్టరు గారు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కూ ముఖం మీది మాస్కుకూ మధ్య పెట్టే గొట్టం) రోజూ స్టిరాయిడ్ ఇన్‌హేలర్ వాడమన్నారు. ఇప్పుడే మందు మొదలుపెడితే జబ్బు ముదరకుండా ఆగిపోతుందా, లేక ఇది పాపకు జీవితాంతం ఉండిపోతుందా? దయచేసి తెలిసినవారు చెప్పండి.

పిల్లల వైద్యుడు:
అమ్మా, పాపను పరీక్షించకుండా నేను నిర్ధారణ చేయలేను. అయితే మీ ప్రశ్నకు సంబంధించి ఇప్పటికి తెలిసిన విషయాలు వివరిస్తాను. అమెరికాలోని టూసాన్‌లో 1980లో మొదలుపెట్టి, పుట్టినప్పటి నుంచి పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన ఒక అధ్యయనం ఉంది. ఫెర్నాండో మార్టినెజ్ బృందం 1995లో ప్రచురించిన దాని ఫలితాల ప్రకారం, మొదటి మూడేళ్లలో పిల్లికూతలు వచ్చిన పిల్లల్లో దాదాపు 60 శాతం మందికి ఆరేళ్ల వయసుకు అవి లేవు. వీరిలో చాలామందికి పుట్టుకతోనే శ్వాసనాళాలు కాస్త సన్నగా ఉండటం వల్ల జలుబు చేసినప్పుడల్లా కూత వచ్చేది, అవి ఎదిగే కొద్దీ తగ్గిపోయింది. అలర్జీకి దానితో సంబంధం తక్కువ. ఆరేళ్ల వయసులోనూ కూతలు కొనసాగిన పిల్లల్లో మాత్రం ఎగ్జిమా, తల్లికి ఉబ్బసం, రక్తంలో ఎక్కువ ఐజీఈ (అలర్జీలో పెరిగే ప్రతిరక్షకం) తరచుగా కనిపించాయి.

ఆ సమాచారం ఆధారంగానే, ఏ పిల్లలకు ఉబ్బసం వచ్చే అవకాశం ఎక్కువో అంచనా వేసే ఒక సూచీని 2000లో తయారుచేశారు. మూడేళ్లలోపు తరచుగా కూతలు వచ్చే పిల్లల విషయంలో, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉబ్బసం లేదా బిడ్డకు వైద్యులు గుర్తించిన ఎగ్జిమా, ఈ రెంటిలో ఒక్కటి ఉన్నా బిడ్డ ఈ సూచీలోకి వచ్చినట్టే. అవి లేకపోతే, జలుబు లేనప్పుడూ కూత రావడం, అలర్జీ వల్ల ముక్కు కారడం, రక్తంలో ఇయోసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) 4 శాతం లేదా అంతకు మించి ఉండటం అనే మూడింటిలో రెండు ఉన్నాయేమో చూస్తారు. మీరు చెప్పినదాన్ని బట్టి పాప ఈ సూచీలోకి వస్తుంది. కానీ సూచీలోకి వచ్చిన ప్రతి బిడ్డకూ ఉబ్బసం నిలిచిపోదు, ఈ మాట మీరు మనసులో ఉంచుకోవాలి.

ఇక మందు సంగతి. సరిగ్గా ఇటువంటి రెండు, మూడేళ్ల పిల్లలు 285 మందిపై జరిగిన అధ్యయనం 2006లో వెలువడింది. రెండేళ్లు రోజూ పీల్చే స్టిరాయిడ్ వాడిన పిల్లలకు వాడినంతకాలం ఆయాసం లేని రోజులు పెరిగాయి, తీవ్రమైన దాడులు తగ్గాయి. మందు ఆపిన ఏడాదిలో మాత్రం, వాడనివారికీ వారికీ పెద్ద తేడా కనిపించలేదు. ఎత్తు పెరుగుదల రెండేళ్లలో సుమారు 1 సెంటీమీటరు వెనకబడి, మందు ఆపాక అందులో కొంత పూడింది. అంటే ఈ మందు జబ్బు గమనాన్ని మార్చదు. అలాగని పనికిరాదనుకోవద్దు: ఈ ఏడాది పాప నిద్ర, ఆట, ఆసుపత్రి పరుగులు తగ్గడం దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఇది అలవాటుగా మారే మందు కాదు.

తొమ్మిదేళ్ల బాబు నాన్న:
మా బాబు కూడా ఇదే దారిలో వచ్చాడు కాబట్టి ఒక్క విషయం రాస్తున్నాను. మొదటి ఆరు నెలలూ మందు వాడుతూనే ఉన్నాం, అయినా దాడులు ఆగలేదు. మందు రాసిచ్చిన ఆసుపత్రిలో మాస్కు ఎలా పెట్టాలో ఎవరూ చూపించలేదు. తర్వాత మరో ఆసుపత్రిలో నర్సు గారు చూసి, ముక్కు పక్కన వేలు దూరేంత సందు ఉందని, మందంతా అక్కడి నుంచే పోతోందని చెప్పారు. మాస్కు ముఖానికి అతికినట్టు ఉంటే ప్రతి శ్వాసకూ స్పేసర్ కవాటం కదలడం కనిపిస్తుంది. ఒక్కసారి నొక్కి, ఐదారు శ్వాసలు లెక్కపెట్టాలి. ఏడుస్తుంటే మందు ఊపిరితిత్తుల్లోకి సరిగా చేరదు, అందుకే మేము ముందు బొమ్మకు వేసి, తర్వాత వాడికి వేసేవాళ్లం. వాడిన తర్వాత నోరు కడిగి, ముఖం తుడవడం మరచిపోకండి.

పాప అమ్మ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మాస్కు పక్కన సందు మా దగ్గరా ఉన్నట్టే ఉంది, ఈ రాత్రే చూస్తాను. ఇంకో సందేహం: అలర్జీ పరీక్ష ఈ వయసులో చేయించవచ్చా?

పిల్లల వైద్యుడు:
చేయించవచ్చు, దానికి వయసు అడ్డు కాదు. అయితే పరీక్షలో ఒక పదార్థానికి స్పందన కనిపించడం వేరు, దానివల్లే పాపకు ఆయాసం రావడం వేరు. లక్షణాలతో పోల్చకుండా, కాగితం చూసి ఆహారాలు మాన్పించడం పొరపాటు. పరుపులోని ధూళి పురుగులు, పెంపుడు జంతువుల వంటి ఏడాది పొడవునా ఉండే కారకాల విషయంలో ఫలితం బాగా ఉపయోగపడుతుంది. జర్మనీలో 1990లో పుట్టిన పిల్లలను గమనించినప్పుడు, మూడేళ్లలోపే వీటికి అలర్జీ ఏర్పడి కూతలూ ఉన్నవారిలో బడి వయసుకు ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గినట్టు తేలింది. పరుపు మీద గెంతినప్పుడు కూత వస్తోందన్నారు కదా. గెంతడం, నవ్వడం వల్లా రావచ్చు, పరుపులోని ధూళి వల్లా రావచ్చు. ధూళి పురుగులకు స్పందన తేలితే పరుపుకూ దిండుకూ పురుగులు దూరని తొడుగులు వేసి, దుప్పట్లను 60 డిగ్రీల వేడినీటిలో ఉతకండి. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే, పరీక్ష ఫలితం ఏదైనా సరే, అది ముందు ఆగాలి.

మూడు నెలలు లక్షణాలు లేకుండా ఉంటే మోతాదు తగ్గించే విషయం మీ డాక్టరు గారిని అడగండి. ఐదారేళ్లకు స్పైరోమెట్రీ (గొట్టంలోకి గట్టిగా ఊది ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) చేయగల వయసు వస్తుంది, అప్పుడు చిత్రం మరింత స్పష్టమవుతుంది. ఈలోపు ఎప్పుడైనా డొక్కలు లోపలికి లాగుతున్నా, మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, ఆయాసాన్ని వెంటనే తగ్గించే ఉపశమన ఇన్‌హేలర్ వేసిన నాలుగు గంటలలోపే మళ్లీ అవసరమైనా, రాత్రి ఏ సమయమైనా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.