ఓడ జాబితాలో 'పాలటైన్' అని ఉన్నంత మాత్రాన పూర్వీకులు జర్మన్లేనా?

లాంకాస్టర్ కోడలు:
మా వారి పూర్వీకుడు 1738లో రాటర్‌డ్యామ్ నుంచి ఫిలడెల్ఫియాకు వచ్చిన ఓడలో ఉన్నారు. ఆ ఓడ జాబితాలో ప్రయాణికులందరినీ 'పాలటైన్లు' అని రాశారు. మా అత్తగారు తమది అచ్చమైన జర్మన్ వంశమని చెబుతారు గాని, ఆ పూర్వీకుడి తల్లి పుట్టింటి పేరు చూస్తే ఫ్రెంచి పేరులా ఉంది. పైగా ఆయన పేరు మూడు జాబితాల్లో మూడు రకాలుగా ఉంది. వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

పాత కాగితాలు:
'పాలటైన్' అంటే రైన్ నది తీరాన ఉన్న పాలటినేట్ అనే జర్మన్ సీమ వాడు అని అర్థం. కానీ ముందుగా ఆ మాటను ఊరి పేరుగా తీసుకోకండి. 1709లో రైన్ ప్రాంతం నుంచి సుమారు 13,000 మంది లండన్ చేరినప్పుడు అక్కడివారు అందరినీ ఆ పేరుతోనే పిలిచారు. వారిలో హెస్సె, నసావ్, వ్యూర్టెంబెర్గ్ లాంటి ఇతర జర్మన్ సీమల వాళ్లు కూడా ఉన్నారు. మరుసటి ఏడు న్యూయార్క్ చేరిన బృందంలోని కాన్రాడ్ వైజర్, తరువాత పెన్సిల్వేనియాకూ ఇరొక్వాయ్ తెగలకూ మధ్య దుబాసీగా పేరు తెచ్చుకున్నాడు. ఆయన పుట్టింది వ్యూర్టెంబెర్గ్‌లోనే, పాలటినేట్‌లో కాదు.

మూడు జాబితాల సంగతికి వస్తే, 1727 నుంచి పెన్సిల్వేనియాలో దిగే 16 ఏళ్లు దాటిన పరదేశీ పురుషులు రాజభక్తి ప్రమాణం చేయవలసి వచ్చేది. కెప్టెన్ ఇచ్చిన జాబితా చెవికి వినబడినట్టు రాసినది, ప్రమాణ పత్రాల మీద మాత్రం చదువు వచ్చినవాళ్లు సొంత చేతితో సంతకం పెట్టారు. కాబట్టి సంతకం ఉంటే ఆ అక్షరక్రమాన్నే నమ్మండి. పేరు పక్కన గుర్తు మాత్రమే ఉంటే అది గుమాస్తా రాత.

రైన్ తీరం:
నా అనుభవంలో అసలు చిక్కు ఓడ దగ్గర కాదు, దానికి రెండు తరాల వెనుక ఉంటుంది. ముప్ఫై ఏళ్ల యుద్ధం (1618–48) పాలటినేట్ పల్లెలను దాదాపు ఖాళీ చేసిన తరువాత, పొలాలు బీడుపడకుండా అక్కడి పాలకులు బయటివారిని రప్పించారు. స్విట్జర్లాండ్ నుంచి రైతులు వచ్చారు. 1664లో మెనొనైట్లకు (పసిపిల్లల బాప్టిజాన్ని ఒప్పుకోని ప్రొటెస్టెంట్ శాఖవారు) షరతులతో అనుమతి దొరికింది, 1671లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ ప్రభుత్వ వేధింపులు తాళలేక మరో 700 మంది దాకా రైన్ దిగువకు తరలిపోయారు. వారికంటే ముందే పాలటినేట్‌లోని ఫ్రాంకెన్‌టాల్ (1562)లో ఎక్కువగా ఫ్లెమిష్ (డచ్ మాట్లాడే) శరణార్థులు, ఓటర్‌బెర్గ్ (1579)లో వాలూన్ (ఫ్రెంచి మాట్లాడే) శరణార్థులు స్థిరపడి ఉన్నారు. 1685 తరువాత ఫ్రాన్స్ నుంచి పారిపోయిన హ్యూగనాట్లలో (ఫ్రెంచి ప్రొటెస్టెంట్లలో) కొందరు ఇక్కడికి చేరారు. వీళ్ల మనవలే జర్మన్ మాట్లాడుతూ ఓడ ఎక్కారు.

చర్చి రిజిస్టర్లలో పెళ్లి నమోదును వదలకండి, ఎందుకంటే వలస వచ్చిన కుటుంబాల విషయంలో పాదిరి చాలాసార్లు 'బెర్న్ సీమకు చెందిన ఫలానా ఊరివాడు' అని రాసేవారు. స్విస్ వాళ్లకు ఆ ఊరు దాదాపు మన ఇంటిపేరు లాంటిది: తరాల కిందట వదిలేసిన గ్రామమైనా కుటుంబం దాన్ని మోసుకుంటూనే ఉంటుంది. ఆ పేరు దొరికితే బెర్న్ వైపు దారి తెరుచుకుంటుంది.

గుమాస్తా మనవడు:
ఇంకొక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు పేరును చూసి మోసపోకూడదు, ఎందుకంటే వడ్రంగి అని అర్థమిచ్చే సిమ్మర్‌మన్ లాంటి జర్మన్ పేరును 'కార్పెంటర్' అని అనువదించుకున్న కుటుంబాలు లాంకాస్టర్ కౌంటీలోనే ఉన్నాయి. అలాగే ఊరి పేరును చూసీ మోసపోకూడదు: 1683లో ఫిలడెల్ఫియా దగ్గరి జర్మన్‌టౌన్‌లో దిగిన మొదటి 13 కుటుంబాలు రైన్ ప్రాంతంలోని క్రెఫెల్డ్ నుంచి వచ్చాయి, వాళ్లలో చాలామంది డచ్ మాట్లాడేవారు.

లాంకాస్టర్ కోడలు:
అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు సంతకంలోని అక్షరక్రమంతో వెతికితే, ఆయన తల్లిదండ్రుల పెళ్లి నమోదు నైరుతి జర్మనీలోని క్రైష్‌గౌ ప్రాంతంలో ఒక చిన్న ఊరి రిజిస్టర్‌లో కనబడింది. ఆ ఊరు అప్పట్లో నేరుగా చక్రవర్తికి మాత్రమే లోబడిన ఒక సామ్రాజ్య నైట్ కుటుంబం పాలనలో ఉండేది, అంటే రాజకీయంగా పాలటినేట్‌లోనే లేదు. తండ్రి పేరు పక్కన బెర్న్ సీమలోని గ్రామం, తల్లి పేరు పక్కన ఓటర్‌బెర్గ్ రాసి ఉన్నాయి. మా అత్తగారికి చూపిస్తే, కాసేపు మౌనంగా ఉండి, 'అయితే మనం జర్మన్లం కాదా?' అని అడిగారు. ఇప్పుడు ఆ స్విస్ గ్రామం బాప్టిజం పుస్తకాలకోసం చూస్తున్నాను. 17వ శతాబ్దపు కుర్రెంట్ లిపి (పాత జర్మన్ చేతిరాత) చదవడం వచ్చినవారు ఉంటే, ఒక్క పేజీ చూసి పెట్టగలరా?