కోర్లు కోయడం మానేసి గేజ్ రీడింగుతోనే బిల్లు చేయవచ్చా?

సైటు_మనిషి:
సాంద్రత చూడటానికి తారు పొరలోంచి కోర్ (గుండ్రటి నమూనా ముక్క) కోయాలంటే పొర చల్లారాలి, అంటే దాదాపు మర్నాటి మాట. సాంద్రత తక్కువని అప్పుడు తేలితే ఏం లాభం? వీజీ-30 రకం తారు 90 డిగ్రీల కిందికి దిగాక రోలర్ ఎంత తిరిగినా దండగే. పొర మీద పెట్టి సాంద్రత చూసే గేజ్ అయితే వేడి మీదే చెబుతుంది, రోలర్‌తో ఇంకో రెండు పాస్‌లు కొట్టించుకోవచ్చు. కొత్త రోడ్డుకు 150 మిల్లీమీటర్ల చిల్లులూ తప్పుతాయి. బిల్లుకూ ఆ రీడింగే తీసుకుంటే పోలేదా?

ల్యాబ్_గొంతు:
రోలింగ్ చూసుకోవడానికి సరే, బిల్లుకు కుదరదండీ. విద్యుత్ గేజ్ నేరుగా సాంద్రతను కొలవదు, పొర డైఎలక్ట్రిక్ స్థిరాంకాన్ని (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకెను) బట్టి లెక్కగడుతుంది. తారు మిశ్రమానికి అది ఐదారు, నీటికి దాదాపు 80. డ్రమ్ముకు తారు అంటకుండా రోలర్ నీళ్లు చల్లుతుంది కదా, ఆ తడి మీద గేజ్ పెడితే రీడింగు ఎగబాకుతుంది. గుత్తేదారుకు పండగే.

కంకర_బండి:
అయితే అణు గేజ్ వాడండి. సీజియం-137 వదిలే గామా కిరణాలు ఎన్ని వెనక్కి చెదిరి వస్తున్నాయో అది లెక్కపెడుతుంది.

ల్యాబ్_గొంతు:
దానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, తాళం వేసిన గది, ఆపరేటర్‌కు రేడియేషన్ బ్యాడ్జి కావాలి. అన్నీ ఉన్నా, 30 మిల్లీమీటర్ల పొర మీద పెడితే కింది పొర సాంద్రత కూడా రీడింగులో కలుస్తుంది. ఉపరితలం గరుకుగా ఉంటే అడుగున గాలి సందు మిగిలి, అంకె తగ్గుతుంది. కేంద్ర రహదారుల శాఖ నిబంధన అడిగేది గరిష్ఠ సైద్ధాంతిక సాంద్రతలో (మిశ్రమంలో గాలి సందులే లేకపోతే ఉండే సాంద్రతలో) కనీసం 92 శాతం. ఒకటి రెండు శాతం దగ్గరే పాస్, ఫెయిల్ తేలే చోట ఈ తేడాలు చిన్నవా? అదే మిశ్రమం మీద గేజ్ పెట్టి, అదే చోట కోర్ కోసి, తేడాల సగటును సవరణగా కలపాలి. కంకర తెచ్చే క్వారీ మారితే మళ్లీ మొదటికే.

సైటు_మనిషి:
కోర్ మాత్రం దేవుడి మాటా? వెచ్చగా ఉండగా కోస్తే వంగుతుంది, సరిగా ఆరబెట్టకుండా తూస్తే లెక్క తప్పుతుంది. అసలు చోటు ఎవరు ఎంచుతున్నారు? సుద్దముక్క ఎప్పుడూ లేను మధ్యలోనే గీస్తుంది. రోడ్డు మొదట విచ్చుకునేది రెండు లేన్ల జాయింటు దగ్గర, అక్కడ కోర్ కోయగా నేను చూడలేదు. ఒక్క కోర్ కోసేలోపు గేజ్‌తో యాభై చోట్ల చూడవచ్చు.

ల్యాబ్_గొంతు:
జాయింటు విషయంలో మీతో వాదించను. అక్కడ అంచు ముందే చల్లారిపోతుంది, రోలర్‌కు పక్క ఆనిక ఉండదు. సరే, జాయింటు పొడవునా గేజ్‌తో చూడండి. అన్నిటికన్నా తక్కువ అంకె ఎక్కడ వస్తే అక్కడే కోర్ కోద్దాం. మీ గుత్తేదారు ఒప్పుకుంటారా?

సైటు_మనిషి:
ఒప్పుకోరు. మీ పర్యవేక్షణ ఇంజనీరు అయినా రాతపూర్వకంగా అడుగుతారా?