చర్చ: ఏఎన్ఎం రిజిస్టర్ ఆపేసి ట్యాబ్ ఒక్కటే ఉంచాలా?

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి, ఒడిశా):
మా అప్ప ఏఎన్ఎం, అంటే సబ్ సెంటర్ నర్సు. పగలంతా ఇల్లిల్లూ తిరిగి రిజిస్టర్లో రాస్తాది, రాత్రి అన్నం తిన్నాక అవే పేర్లు ట్యాబ్‌లో కొడతాది. నిన్న పక్కనే కూర్చున్నాను. ఒక్క గర్భిణి వివరాలు ఎక్కేసరికి తెర మూడుసార్లు ఆగిపోయింది. రెండిట్లో ఒకటి తీసెయ్యాలి. నా ఓటు రిజిస్టర్ తీసెయ్యడానికే.

గుమ్మ_కొండకింద:
మీ అప్పకి టవరైనా ఉంది. పైన సవర ఊళ్లకొచ్చి చూడండి.

సాఫ్ట్‌వేర్_గుంటడు:
టవర్ లేదన్న సాకు పాతబడిపోయింది. ట్యాబ్‌లో ఏఎన్ఎంలు వాడే యాప్ అన్‌మోల్ నెట్ లేకపోయినా పనిచేస్తాది, సిగ్నల్ దొరికాక పంపుతాది. 2008లో వచ్చిన ఆరోగ్యశాఖ లెక్కల పోర్టల్ హెచ్ఎంఐఎస్ ఎంతమందికి టీకా పడిందో లెక్క చెప్తాదంతే. ఎవరికి పడలేదో తెలియాలంటే పేరుపేరునా ఉండాలి. తల్లీబిడ్డల్ని పేరుతో నమోదుచేసే ఎంసీటీఎస్ 2009లో, తర్వాత ఆర్‌సీహెచ్ పోర్టల్ అందుకే వచ్చాయి. అసలు గోల యాప్‌ల గుంపుతోనే: టీబీకి నిక్షయ్, అంగన్‌వాడీకి పోషణ్ ట్రాకర్, టీకాలకి యూ-విన్. ఒకే పిల్ల పేరు నాలుగుచోట్ల, నాలుగు స్పెల్లింగులు!

పాతపట్నం_ఆడపడుచు:
అందరూ రాష్ట్రాల గట్టుకి ఇవతలే మాట్లాడుతున్నారు. నా అత్తోరిల్లు పర్లాకిమిడి, కన్నోరిల్లు ఆంధ్రాలో పాతపట్నం. ఎనిమిదో నెలలో పురిటికెళ్తే కార్డంతా ఒడియా. అంకెలు కూడా! నర్సమ్మ అటూ ఇటూ తిప్పి, మళ్లీ రక్తం తీసింది. పాప పుట్టి రెండు నెలలైనా పర్లాకిమిడి జాబితాలో నేనింకా గర్భిణినే. ఆశా దీదీ వచ్చి మా అత్తని అడిగిందంట, "ఎప్పుడు కంటాది?" అని.

మహేంద్రతనయ_ఒడ్డు:
ఇది నాకు తట్టలేదు వదినా. కానీ ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరుంటే రెండువైపులా కనిపించాలి కదా?

పాతపట్నం_ఆడపడుచు:
14 అంకెల నంబరు ఉంది తమ్ముడూ. అటోళ్లు ఎక్కించాలి, ఇటోళ్లు తియ్యాలి, మధ్యలో నేను సరేననాలి. ఆ ఓటీపీ వచ్చేది మా ఆయన ఫోన్‌కి. ఆయన చెన్నైలో సెంట్రింగ్ పనిలో, ఫోన్ ఎత్తడు. నర్సమ్మ ఎంతసేపు కూర్చుంటాది?

సాఫ్ట్‌వేర్_గుంటడు:
ఒప్పుకుంటున్నాను. అనుమతి అడగడం మంచిదే, కానీ ఇంటికొక్క ఫోనున్న చోటికి ఆ పద్ధతి నప్పదు.

మహేంద్రతనయ_ఒడ్డు:
మరి మా అప్ప రాత్రిళ్లు?

పాతపట్నం_ఆడపడుచు:
ఎక్కించడానికి సబ్ సెంటర్‌కొక మనిషిని పెట్టమని అడగండి, గట్టిగా అడగండి. రిజిస్టర్ జోలికి వెళ్లొద్దు. ఈలోపు మీ అప్పతో ఒక్క మాట చెప్పు: కార్డు మీద బీపీ, రక్తం అంకెలు ఇంగ్లీషు అంకెల్లో రాయమను.