నెలకొకసారి కొండెక్కేవారు రోజూ నడవనక్కరలేదా?

బైరాగిపట్టెడ వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాకు 52 ఏళ్లు. తిరుపతిలోనే బ్యాంకు ఉద్యోగం కావడంతో ఉదయం కూర్చుంటే సాయంత్రానికి గాని కుర్చీ వదలను. ఈ మధ్య చేయించిన రక్తపరీక్షలో, చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. ఇది ఇంకా షుగరు వ్యాధి కాదనీ, దానికి ముందు దశ అనీ, ఇప్పటికి మందులు అక్కరలేదు గాని రోజూ నడవక తప్పదనీ డాక్టరుగారు చెప్పారు. మా బావగారేమో ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేస్తున్నారు. ఆయన ప్రతి నెలా అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కి స్వామివారిని దర్శించుకుని వస్తారు. "3,550 మెట్లు ఎక్కేవాడికి వీధుల వెంట తిరిగే నడకతో పనేముంది? నువ్వూ నాతో రా, షుగరు దానంతటదే దిగుతుంది" అంటారు.

నెలకొకసారి చేసే అంత పెద్ద నడక, రోజూ చేసే చిన్న నడకకు సాటి వస్తుందా? మెట్లు దిగేటప్పుడు నా కుడి మోకాలు కలుక్కుమంటోంది. నడిస్తే అది ఇంకా అరిగిపోతుందేమోనన్న భయం కూడా ఉంది. నడిస్తే నిద్ర పడుతుంది, చిరాకు తగ్గుతుంది అని ఇంట్లో పోరుతున్నారు. ఇందులో నిజమెంత? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

ఫిజియోథెరపిస్టు, కొర్లగుంట

మీ బావగారి భక్తినీ కాళ్ల సత్తువనూ తప్పుపట్టడానికి ఏమీ లేదు గాని, షుగరు విషయంలో మాత్రం ఆయన లెక్క కుదరదు. నడిచేటప్పుడు తొడ కండరాలు, పిక్కలు రక్తంలోని గ్లూకోజును ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే లోపలికి తీసుకుంటాయి. నడక ఆపిన తరువాత కూడా ఇన్సులిన్‌కు ఆ కండరాలు చక్కగా స్పందించే గుణం ఒక రోజు, మహా అయితే రెండు మూడు రోజులు నిలిచి, ఆపైన తగ్గిపోతుంది. వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచించడానికి కారణం ఇదే. నెల మొదట్లో ఎక్కిన కొండ నెలాఖరులో తిన్న అన్నానికి ఏ సాయమూ చేయదు.

మీరు ఉన్న దశలోనే ఉన్నవారి మీద మనకు దగ్గరలోని చెన్నైలో పెద్ద అధ్యయనం జరిగింది. 2006లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో 531 మందిని దాదాపు రెండున్నరేళ్లు గమనించారు. మామూలు సలహాతో సరిపెట్టిన వారిలో మూడేళ్లకు నూటికి 55 మంది చక్కెర వ్యాధిలోకి జారగా, ఆహారం సవరించుకుని రోజూ కనీసం అరగంట చురుకుగా నడవమని చెప్పి, దానిని పట్టించుకునేలా చూసిన వారిలో ఆ సంఖ్య 39 దగ్గర ఆగింది. అందులో ఆహారం పాత్ర కూడా ఉంది కాబట్టి ఘనతంతా నడకదేనని అనను. అయినా, ఏ కొండా ఎక్కకుండా, రోజువారీ నడకతో, ఆహార సవరణతోనే ఇంత తేడా కనిపించిందన్నది మీ బావగారికి చెప్పదగిన సంగతి.

ఇక మోకాలి సంగతి. కీలులో ఎముకల చివరలను కప్పి ఉండే మెత్తని పొరకు, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు ఉండవు. అడుగు వేసినప్పుడు నొక్కుకుని, తీసినప్పుడు వదులైతేనే కీలులోని ద్రవం దానిలోకి వెళ్లి పోషణ అందిస్తుంది. అందుచేత సమతలం మీద మితంగా నడవడం వల్ల మోకాలు అరిగిపోతుందన్న భయం అక్కరలేదు. కదలకుండా కూర్చోవడమే దానికి చేటు. మెట్లు దిగడం మాత్రం వేరు. సమతలం మీద నడిచేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్ల భారం పడితే, మెట్లు దిగేటప్పుడు అది మూడున్నర రెట్లకు చేరుతుంది. కింది మెట్టు మీద పాదం ఆనే లోపు తొడ ముందుభాగం కండరం సాగుతూనే శరీరాన్నంతా పట్టి ఉంచాలి. కొండ దిగి వచ్చినవారు మర్నాడు కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనించుకునేది ఆ కండరం నొప్పి వల్లనే. మీకు నొప్పి వచ్చేది దిగేటప్పుడే కాబట్టి, ముందుగా ఒకసారి మోకాలిని చూపించుకుని, తొడ కండరాలకు బలం వచ్చే వ్యాయామాలు నేర్చుకోండి. కొండ ఎక్కాలనుకుంటే ఎక్కండి గాని, తిరుగు ప్రయాణం బస్సులో చేయండి.

వేగం ఎంత ఉండాలన్నదానికి గడియారం అక్కరలేదు. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే మీకు తగిన వేగం. వారానికి 150 నుంచి 300 నిమిషాలు అలా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి మార్గదర్శకాలలో చెప్పింది. ఒకేసారి అంత సమయం దొరకకపోతే భోజనాల తరువాత పంచుకోండి. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో అరవై దాటినవారి మీద చేసిన ఒక చిన్న అధ్యయనంలో, ప్రతి భోజనం తరువాత 15 నిమిషాల నడక రాత్రి భోజనానంతరం పెరిగే చక్కెరను బాగా అదుపు చేసింది. ఉదయం ఒకేసారి నడిచిన 45 నిమిషాలకు ఆ ఫలితం రాలేదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, చంద్రగిరి

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, కొండ నడకను షుగరు లెక్కతోనే తూచడం నాకు సమ్మతం కాదు. మీరు అడిగిన మూడవ ప్రశ్నకు సమాధానం కొంత అక్కడే ఉంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో కొందరిని చెట్టూచేమా ఉన్న చోట, మరికొందరిని వాహనాలు తిరిగే రోడ్డు వెంట గంటన్నరసేపు నడిపించి చూశారు. మొదటివారిలో, తమ గురించిన దిగులునే పదేపదే తలపోసే ధోరణి తగ్గింది. దానితో సంబంధమున్న మెదడు భాగంలో చురుకుదనం కూడా తగ్గినట్టు స్కానింగులో కనబడింది. రోడ్డు వెంట నడిచినవారిలో ఈ మార్పు లేదు. శేషాచలం అడవి ఒడిలో ఉన్న మనకు ఇది ఊరికే దొరికిన భాగ్యం. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా ఎక్కుడు ఎక్కువ, ఆ తరువాత చాలా దూరం నేల చదునుగా, చెట్ల నీడగా సాగుతుంది. మొదటి భాగంలో ఆయాసపడినవారికి సైతం అక్కడ మనసు తేలికపడడం కద్దు. ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ వెళ్లే ఆడవాళ్లను చూడండి: వంగుతారు, లేస్తారు, పసుపు పొట్లం సర్దుకుంటారు, తొందర అన్నదే ఉండదు. మూడేసి మెట్లు దాటుకుంటూ పోయిన కుర్రవాళ్లు ఏ మలుపులోనో రొప్పుతూ కూర్చుని ఉండగానే వీరు వారిని దాటిపోతారు.

అయితే నిద్రా, జ్ఞాపకశక్తీ నెలకొక నడకతో బాగుపడవన్నది కూడా ఒప్పుకోవాలి. 2011లో అమెరికాలో 55 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 120 మందితో ఒక ప్రయోగం చేశారు. వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిచినవారి మెదడులో జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్ భాగం సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు విరుచుకునే తేలికపాటి వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో అది కొంత కుంచించుకుపోయింది. వయసుతో తగ్గవలసినది పెరగడమన్నది చిన్న విషయం కాదు.

ఫోనులో పది వేల అడుగులు లెక్కపెట్టుకునే వారికి ఒక మాట. ఆ అంకె వైద్యులు పెట్టినది కాదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్క యంత్రంతో ప్రచారంలోకి వచ్చింది. సగటు వయసు 72 ఏళ్లున్న అమెరికన్ మహిళల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగులు నడిచినవారిలో సైతం, అంతకంటే బాగా తక్కువ నడిచినవారితో పోలిస్తే మరణాలు తగ్గడం కనిపించింది. 7,500 దాటాక అదనపు ప్రయోజనం పెద్దగా లేదు.

చిత్తూరు గృహిణి

అన్నగారూ, పెద్దలు చెప్పినవన్నీ బాగున్నాయి. నడవలేకపోవడానికి మనం చెప్పుకునే కారణాల గురించి నేను రాస్తాను. తెల్లవారుజామున వీధికుక్కలు, సాయంత్రం వాహనాలు, నడుమ ఎండ. ఈ మూడింటినీ తప్పించుకోవడానికి మా ఇంట్లో రాత్రి భోజనమైన వెంటనే మేడ మీద నడుస్తున్నాం. ఫోను కిందనే వదిలి వెళ్తే మాటలు నడుస్తాయి, పగలు చెప్పుకోలేని సంగతులు కూడా అక్కడ బయటపడతాయి. మనసు తేలికపడడానికి అడవే కావాలని లేదు, మాస్టారూ!

మా అమ్మకు చాలా ఏళ్లుగా షుగరు ఉంది. అరికాళ్లలో స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా కొండ మెట్లు ఎక్కకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. ఎండకు కాలిన రాయి పొక్కు లేపినా వారికి తెలియదు. అదే పుండై కూర్చుంటుంది. మీకు ఇంకా ఆ స్థితి రాలేదు గాని, మీ బావగారి వెంట వెళ్లే వారిలో అలాంటివారు ఉంటే ఈ సంగతి చెప్పండి. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా దించే మాత్రలు గాని వాడేవారు పరగడుపున కొండెక్కడం కూడా ప్రమాదమే.

బైరాగిపట్టెడ వాసి

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి భోజనం తరువాత నడవడం నాకు వీలవుతుంది. మధ్యాహ్నం మాత్రం ఆఫీసులో ఉంటాను, బయట ఎండ. బావగారి మాట కూడా కాదనలేను. కొండకు ఎప్పుడు వెళ్లవచ్చు?

ఫిజియోథెరపిస్టు, కొర్లగుంట

మధ్యాహ్నం బయటికి వెళ్లనక్కరలేదు. మే నెలలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, భోజనం కాగానే ఆఫీసు వరండాలోనే పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ నడవండి. ఫోను మాట్లాడవలసినవి ఆ సమయానికి పెట్టుకుంటే చూసేవారికి కూడా వింతగా ఉండదు. సమతలం మీద అరగంట చురుకుగా నడిచినా మోకాలు నొప్పి చేయని రోజులు వచ్చాక, ఒకసారి గుండె పరీక్ష కూడా చేయించుకుని, తెల్లవారుజామున అలిపిరి నుంచి బయలుదేరండి. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లే కదా అని దానితో మొదలుపెట్టవద్దు. దూరం తక్కువైనా ఎక్కుడు ఎక్కువ. పిల్లలను తీసుకెళ్లేటట్టయితే, 2023లో చిరుత దాడి జరిగిన తరువాత వారి విషయంలో వేళల నియమాలు పెట్టారు కాబట్టి ముందుగా కనుక్కుని వెళ్లండి.

హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది. పది రోజులు నడిచి పరీక్ష చేయించుకుని తగ్గలేదని నిరుత్సాహపడవద్దు. మూడు నెలల తరువాత చేయించుకుని, ఆ కాగితంతో డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి.