మణికట్టు నొప్పి ఉన్న పిల్లను ఇప్పుడే డబుల్స్‌కి మార్చాలా? సానియా కెరీర్ తెలిసినవాళ్లు చెప్పండి

అలిపిరి_బేస్‌లైన్, తిరుపతి: అమ్మాయికి పన్నెండేళ్లు. ఫోర్‌హ్యాండ్ గట్టిది, సెకండ్ సర్వ్ అంతంతే. నెలరోజులుగా కుడి మణికట్టులో చిటికెనవేలి వైపు నొప్పి. రాకెట్ 27 అంగుళాలు, గట్టింగ్ (రాకెట్ తీగలు) పాలియెస్టర్, బిగువు 56 పౌండ్లు. "సానియా మీర్జా కూడా మణికట్టు పోయాకే డబుల్స్‌కి వచ్చింది, మీరూ ఇప్పుడే మార్చేయండి" అంటున్నారు. నిజమేనా?

చిత్తూరు_డ్రాప్‌షాట్: సగం నిజం అన్నా. మిగతా సగం వదిలేసి చెబుతున్నారు. 2003లో వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచినా సానియా సింగిల్స్ వదల్లేదు. 2005లో హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్) సింగిల్స్ టైటిల్, అదే ఏడు యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్, 2007 ఆగస్టులో సింగిల్స్‌లో 27వ ర్యాంకు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పితోనే మొదటి మ్యాచ్ మధ్యలో తప్పుకుంది. అయినా 2012 దాకా సింగిల్స్ ఆడుతూనే ఉంది. డబుల్స్‌లో నంబర్ వన్ అయింది 2015 ఏప్రిల్‌లో. ఆ ఫోర్‌హ్యాండ్ సింగిల్స్‌లో సానబట్టిందే.

రిటర్న్_కుడివైపు: స్విస్ ప్లేయర్ మార్టినా హింగిస్‌తో సానియా డబుల్స్ జోడీ ఎందుకు అంత కుదిరిందో చూడండి. రిటర్న్‌కి సానియా డ్యూస్ కోర్టు (కుడి సగం), హింగిస్ యాడ్ కోర్టు (ఎడమ సగం). పక్కకు పోయే సర్వ్ సానియా ఫోర్‌హ్యాండ్‌కే వస్తుంది, క్రాస్‌కోర్టు రిటర్న్ బలంగా పడుతుంది. అవతలివాళ్లు తేల్చి ఇచ్చిన బంతిని నెట్ దగ్గర హింగిస్ కొట్టేస్తుంది. 2015 వింబుల్డన్ ఫైనల్లో మూడో సెట్ 2-5తో వెనకబడి, వరసగా ఐదు గేములు తీసుకుని 7-5తో గెలిచారు. ఆ జోడీ వరసగా 41 మ్యాచ్‌లు గెలిచింది. పన్నెండేళ్ల పిల్లకు ఈ లెక్కలు తర్వాత, ముందు రిటర్న్ కుదరాలి.

అలిపిరి_బేస్‌లైన్: సరే, మరి నొప్పి సంగతి?

గట్టింగ్_గోపురం, తిరుపతి: డబుల్స్‌కి మారితే నొప్పి పోదమ్మా. అక్కడా అదే ఫోర్‌హ్యాండే కదా కొట్టేది. అసలు తప్పు ఆ గట్టింగ్‌లో ఉంది. పాలియెస్టర్ బిర్రుగా ఉంటుంది, దెబ్బ అదిరింపంతా చేతికే ఎక్కుతుంది. పైగా 56! కోసేసి సింథటిక్ గట్ గానీ మల్టీఫిలమెంట్ (సన్న పోగులు కలిపి చేసిన మెత్తటి తీగ) గానీ 48-50 పౌండ్లకి వేయించండి. గ్రిప్ పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకూ అరచేతికీ మధ్య ఎడమచేతి చూపుడువేలు పట్టేంత సందుండాలి. లేకపోతే ఓవర్‌గ్రిప్ (పిడి మీద చుట్టే పల్చటి టేపు) ఒక చుట్టు చుట్టండి. బంతి ఒంటి పక్కకు వచ్చాక తగిలితే మణికట్టుతో లాగాల్సి వస్తుంది, ముందు కాలికంటే జానెడు ముందే తగలాలి. పక్కనుంచి ఫోన్లో స్లో మోషన్ తీస్తే తేలిపోతుంది. నెల దాటింది కాబట్టి ముందు ఎముకల డాక్టర్‌కి చూపించండి, అప్పటిదాకా ఫోర్‌హ్యాండ్ ఆపండి. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ కూడా నొప్పి పుడితే వద్దు.

చిత్తూరు_డ్రాప్‌షాట్: 27 అంగుళాల రాకెట్ బరువెంతో కూడా తూకం వేయించండి. 300 గ్రాములుంటే ఆ వయసుకి ఎక్కువే, 260 చుట్టుపక్కల చూడండి.