హాస్టల్ గదిలో గేమింగ్ కీబోర్డు: ఏది తీసుకోవాలి?

ఎస్సార్‌నగర్ హాస్టలర్:
అందరికీ నమస్కారం. ముగ్గురం ఉండే హాస్టల్ గదిలో రాత్రిపూట రెండు గంటలు వాలరెంట్ అనే తుపాకుల ఆట ఆడతాను. కంప్యూటరుతో పాటు వచ్చిన మామూలు కీబోర్డులో డబ్ల్యూ, ఎ రెండూ నొక్కి ఉంచి మూడో కీ నొక్కితే ఒక్కోసారి అది పడడం లేదు. 4,000 రూపాయల లోపల మంచిది కొనాలనుకుంటున్నాను. వాడినవారు తమ అనుభవం చెప్పగలరు.

మల్కాజిగిరి అన్నయ్య:
తమ్ముడూ, మీ వేళ్లలో లోపమేమీ లేదు. చవక మెంబ్రేన్ కీబోర్డుల్లో, అంటే కీల కింద పలచని పొర ఉండేవాటిలో, కీలన్నీ అడ్డవరుసలు, నిలువువరుసలుగా అల్లిన తీగల మీద ఉంటాయి. ఒక చతురస్రంలో మూడు మూలల కీలు ఒకేసారి నొక్కితే నాలుగోది కూడా నొక్కారో లేదో సర్క్యూటు తేల్చుకోలేదు కాబట్టి, తప్పు కీ పడకుండా తయారీదారులు మూడో నొక్కునే ఆపేస్తారు. చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ ఒకే కీబోర్డు మీద ఫుట్‌బాల్ ఆట ఆడేవాళ్లం. వాడు పరుగెత్తుతూ మలుపు తిరిగినప్పుడల్లా నా గోలు కొట్టే కీ పనిచేసేది కాదు. కావాలని నా కీ నొక్కిపెడుతున్నాడని వాణ్ని ఎన్నిసార్లు తిట్టానో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ప్రతి కీ కింద విడిగా ఒక స్విచ్చి ఉండే మంచి మెకానికల్ కీబోర్డుల్లో ప్రతి కీకీ ఒక డయోడు కూడా ఉండి, కరెంటును ఒకే దిశలో పోనిస్తుంది. అందువల్ల ఎన్ని కీలు కలిపి నొక్కినా అన్నీ విడివిడిగా నమోదవుతాయి. పెట్టె మీద ‘ఎన్-కీ రోల్‌ఓవర్’ అని ఉందో లేదో చూడండి. రంగురంగుల లైట్లు ఎన్ని ఉన్నా ఈ ఒక్కటి లేకపోతే తీసుకోకండి.

మాదాపూర్ నైట్‌షిఫ్టు:
కీల కింద ఉండే స్విచ్చుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇందులో డబ్బు పోగొట్టుకున్నవాణ్ని. వీటి రకాలను బ్లూ, రెడ్, బ్రౌన్ అని రంగుల పేర్లతో పిలుస్తారు. మొదటిసారి టకటకమనే శబ్దానికి ముచ్చటపడి బ్లూ స్విచ్చులున్నది కొన్నాను. మూడో రాత్రికే గదిలోని మిత్రుడు దుప్పటి తొలగించి లేచి కూర్చుని, ఒక్క మాటా అనకుండా నావైపు చూశాడు. మర్నాడే దాన్ని పెట్టెలో పెట్టేశాను. శబ్దం ఒక్కటే కాదు, ఆటకు కూడా అది అంతగా నప్పలేదు. బ్లూలో నొక్కు నమోదయ్యే చోటు కంటే విడుదలయ్యే చోటు కాస్త పైన ఉంటుంది కనుక, ఒకే కీని వెంటవెంటనే కొట్టాలంటే వేలిని మరికాస్త పైకి రానివ్వాల్సి వస్తుంది. తరువాత రెడ్‌కు మారాను. చెర్రీ కంపెనీ చేసే ఎంఎక్స్ రెడ్‌లో కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగినా, 2 మిల్లీమీటర్ల దగ్గరే నొక్కు నమోదవుతుంది. అందుకు సుమారు 45 గ్రాముల బలం చాలు, మధ్యలో ఎలాంటి తట్టూ ఉండదు. బ్రౌన్‌లో చిన్న తట్టు తెలుస్తుంది, క్లిక్కు ఉండదు. పగలంతా టైపింగు కూడా చేసేవారికి అది హాయిగా ఉంటుంది. 1.2 మిల్లీమీటర్లకే పలికే సిల్వర్ రకాన్ని కూడా కొన్నాళ్లు వాడాను గాని, వేలు ఊరికే ఆనించినా కీ పడుతుండడంతో మానేశాను. గేటెరాన్, కైల్, ఔటెము వంటివారూ ఇవే రంగుల పేర్లతో స్విచ్చులు చేస్తారు కాబట్టి మీ ధరలో అవే ఎక్కువగా దొరుకుతాయి. రెడ్ కూడా అడుగుకు తగిలినప్పుడు చప్పుడు చేస్తుందని మరచిపోకండి. కింద మందపాటి మ్యాట్ వేస్తే అది బాగా తగ్గుతుంది.

తార్నాక:
హాస్టల్ బల్ల చిన్నది కాబట్టి నంబర్‌ప్యాడ్ లేని 87 కీలది తీసుకోండి, మౌసు కదపడానికి మరికాస్త చోటు మిగులుతుంది. 61 కీల బుల్లి కీబోర్డు నేను వాడాను. బాణం గుర్తుల కీలు విడిగా లేక, ప్రతిసారీ ఎఫ్ఎన్ అనే కీతో కలిపి వేరే కీ నొక్కాల్సి రావడంతో తెలుగులో టైపు చేసి తప్పులు దిద్దుకునేసరికి విసుగొచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ అక్క:
అయస్కాంతపు స్విచ్చులు, అంటే హాల్ ఎఫెక్ట్ రకం గురించి కూడా తమ్ముడు తెలుసుకోవాలి. మామూలు స్విచ్చిలో కీ ఒక నిర్ణీత స్థానం దాటి పైకి వస్తేనే వదిలినట్టు లెక్క. వీటిలో ‘రాపిడ్ ట్రిగ్గర్’ ఉంటే వేలు కాస్త పైకి లేవగానే వదిలినట్టు గుర్తిస్తుంది. వాలరెంట్‌లో నడుస్తూ కాలిస్తే గురి చెదురుతుంది కనుక, చప్పున ఆగగలగడం నిజంగానే పనికొస్తుంది. అయితే ఎదురెదురు దిశల కీలు రెండూ నొక్కి ఉన్నప్పుడు చివరిదానికే విలువనిచ్చే సదుపాయం వేరు. కౌంటర్-స్ట్రైక్ 2 అనే మరో తుపాకుల ఆట అధికారిక సర్వర్లలో దాన్ని 2024 ఆగస్టులో ఆ ఆట తయారుచేసే వాల్వ్ కంపెనీ నిషేధించింది. ఏ ఆట ఆడుతున్నారో దాని నియమం చూసుకుని అలాంటివి ఆన్ చేయండి.

మల్కాజిగిరి అన్నయ్య:
కొనేది మాత్రం చేత్తో నొక్కి చూశాకే కొనండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, నాలుగైదు దుకాణాలు తిరిగితే విప్పి చూపించేవారు దొరుకుతారు. స్విచ్చులు పీకి మార్చుకునే వీలున్నదైతే ఇంకా మంచిది, ఒక్క కీ చెడితే మొత్తం పారేయనక్కరలేదు. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన దానిలో సాకెట్ల రంధ్రాలు సన్నగా ఉండి ఔటెము తప్ప మరే స్విచ్చీ దిగలేదు. అమ్మినవారు వెనక్కి తీసుకోలేదు. అందుకే ఏయే స్విచ్చులు పడతాయో ముందే అడగండి. కీల మీది తొడుగులు, అంటే కీక్యాప్‌లు, పీబీటీ అనే ప్లాస్టిక్‌వైతే త్వరగా జిడ్డుమెరుపు ఎక్కవు.

ఎస్సార్‌నగర్ హాస్టలర్:
అందరికీ ధన్యవాదాలు. శనివారం సీటీసీకి వెళ్లి, మూడో దుకాణంలో 87 కీల రెడ్ స్విచ్చుల కీబోర్డు 3,400 రూపాయలకు తీసుకున్నాను. దుకాణంవారి కంప్యూటరుకే తగిలించి నోట్‌ప్యాడ్‌లో డబ్ల్యూ, ఎ నొక్కిపెట్టి ఆర్ కొట్టి చూశాను, కొట్టిన ప్రతిసారీ అక్షరం పడింది. స్పేస్‌బార్ మాత్రం కాస్త గలగలమంటోంది. దానికి లోపల గ్రీజు రాయవచ్చంటున్నారు. స్విచ్చులు ఊడదీయకుండా అది రాసే పద్ధతి తెలిసినవారు చెప్పగలరా?