చెరువు బాక్టీరియా పీఈటీని తినడం లేదు: తప్పు సీసా ముక్కదేనా?

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టు కోసం చెరువు అడుగు బురద నుంచి పీఈటీ (నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్) తినే బాక్టీరియాను వేరుచేయాలని చూస్తున్నాను. 2016లో జపాన్ శాస్త్రవేత్తలు సకాయ్‌లో సీసాల రీసైక్లింగ్ కేంద్రం దగ్గర కనుగొన్న ఇడియోనెల్లా సకైయెన్సిస్ లాంటిది దొరుకుతుందేమోనని ఆశ. అది పలుచని పీఈటీ ఫిల్మ్‌ను 30 డిగ్రీల దగ్గర 6 వారాల్లో దాదాపు పూర్తిగా అరిగించింది.

నేను నీళ్ల సీసా గోడను 1 సెం.మీ. ముక్కలుగా కోసి, 70 శాతం ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, లవణాల ద్రావణంలో కొద్దిగా ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (బాక్టీరియాకు పోషకం), చెరువు బురద కలిపి వేశాను. 30 డిగ్రీలు, షేకర్ 120 ఆర్‌పీఎం, 8 వారాలు. ముక్క బరువు 41.2 మి.గ్రా. నుంచి 41.6కి పెరిగింది! పైన జిగురు పొర కట్టింది. 2 శాతం ఎస్‌డీఎస్ (ఒక డిటర్జెంట్) ద్రావణంలో రాత్రంతా ఉంచి కడిగి ఆరబెడితే మళ్లీ 41.2. ప్లాస్టిక్ వేయని ఫ్లాస్కు కూడా అంతే మసకబారింది కాబట్టి బాక్టీరియా పెరిగింది ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వల్లే అనుకుంటున్నాను.

నా అనుమానమంతా సీసా మీదే. జపాన్ వాళ్ల ఫిల్మ్‌లో స్ఫటికత (ప్లాస్టిక్ అణువులు క్రమంగా పేర్చుకుని ఉన్న భాగం) 1.9 శాతమే, సాగదీసి ఊదిన సీసా గోడలో అంతకంటే చాలా ఎక్కువ; అది ఎక్కువైతే బాక్టీరియాకు అరిగించడం కష్టం. అందుకే దాన్ని తగ్గించాలని చూశాను. ముక్కల్ని ఫాయిల్ మధ్య పెట్టి హాట్ ప్లేట్ మీద 260 డిగ్రీల దగ్గర కరిగించి ఐసు నీళ్లలో ముంచాను. మూడుసార్లూ తెల్లగా అయిపోయాయి, అంటే మళ్లీ స్ఫటికాలు కట్టినట్టే. ఫిల్మ్ కొనే బడ్జెట్ లేదు, సబ్మిషన్‌కు 10 వారాలే ఉందని టెన్షన్‌గా ఉంది.

సీసా మూతి దగ్గర మరలున్న భాగం ఊదేటప్పుడు సాగదు కదా, దాన్ని పలుచగా చెక్కి ఈ పరీక్షకు తక్కువ స్ఫటికత ఉన్న పీఈటీగా వాడవచ్చా?